కారం మిల్లుకు గాంట్రీ రోబో: ఆటోనగర్ పనితనంతో తయారు చేసుకునే పద్ధతి

పారిశ్రామిక రోబో అనగానే చాలామందికి గుర్తుకొచ్చేది కార్ల కర్మాగారంలో నిప్పురవ్వల మధ్య తిరిగే ఆరు కీళ్ల చేయి. విజయవాడ, గుంటూరు ప్రాంతంలో సొంతంగా రోబో తయారు చేద్దామని పూనుకునేవారు కూడా మొదట ఆ చేయినే గీసుకుంటారు. ఆ కీళ్లలో బిగించాల్సిన గేర్‌బాక్సుల ధరలు తెప్పించుకున్న రోజున ఆ కాగితాలు అటక ఎక్కుతాయి. మన ప్రాంతపు కర్మాగారాలకు, మన చేతిలో ఉన్న పనితనానికి తగిన మొదటి రోబో ఆ చేయి కాదు, గాంట్రీ అని నా అభిప్రాయం. నాలుగు స్తంభాల మీద రెండు పట్టాలు, ఆ పట్టాల మీద జరిగే అడ్డదూలం, దూలం మీద జరిగే బండి, బండిలోంచి కిందికీ పైకీ కదిలే నిలువు దూలం, దాని కొసన అటూ ఇటూ తిరిగే గ్రిప్పరు (వస్తువును పట్టుకునే భాగం): ఇంతే దాని నిర్మాణం. లారీలకు, బస్సులకు బాడీలు కట్టి చేయి తిరిగిన ఆటోనగర్ పనివారికి ఇందులో అర్థం కాని భాగం ఒక్కటీ లేదు, జాగ్రత్తపడాల్సిన భాగాలు మాత్రం కొన్ని ఉన్నాయి.

ప్రపంచంలో కర్మాగారంలో పనికి దిగిన తొలి పారిశ్రామిక రోబో యూనిమేట్ కూడా గొప్ప నైపుణ్యం కావాల్సిన పనితో మొదలుకాలేదు. 1961లో అమెరికాలోని న్యూజెర్సీలో ఉన్న జనరల్ మోటార్స్ కర్మాగారంలో డై కాస్టింగు యంత్రం నుంచి వేడి లోహపు ముక్కలను తీసి పక్కన పెట్టడం దాని పని. బరువు, వేడి, విసుగు ఉన్న చోట, కదలిక మాత్రం ప్రతిసారీ ఒకే తీరుగా ఉన్న చోట దానిని నిలబెట్టారు. గుంటూరు చుట్టుపక్కల అలాంటి చోటు వెతికితే కారం మిల్లులో ప్యాకింగు లైను కొస కనబడుతుంది. అక్కడ నిండిన అట్టపెట్టెలను ప్యాలెట్ (సరుకు పేర్చే బల్ల) మీద పేర్చే పనిని, ఘాటుకు ముక్కుకు గుడ్డ కట్టుకున్న మనుషులు షిఫ్టు పొడుగునా వంగి లేచి చేస్తుంటారు. ఆ పని చేసే నాలుగు అక్షాల, అంటే నాలుగు విధాల కదలికలున్న, గాంట్రీని ఉదాహరణగా తీసుకుని, కొలతల నుంచి అప్పగింత వరకు ఒక్కో దశను కింద వివరిస్తున్నాను.

ముందు ఒక రోజంతా అక్కడ నిలబడండి

కంప్యూటరులో గీత గీయక ముందు ఒక పూర్తి షిఫ్టు ఆ చోట నిలబడి గడియారంతో, టేపుతో కొలవాలి. నిమిషానికి ఎన్ని పెట్టెలు వస్తున్నాయన్నది యజమాని చెప్పే లెక్క ఒకటి, మీరు కొలిచే లెక్క ఇంకొకటి కావచ్చు. లైను ఆగినప్పుడు ఎంతసేపు ఆగింది, తిరిగి మొదలైనప్పుడు పెట్టెలు వరుసగా ఎంత దగ్గరగా వచ్చాయి, టేపు సరిగా అతకని పెట్టెలు ఎన్ని వచ్చాయి, తడిసి మెత్తబడినవి ఏమైనా ఉన్నాయా అన్నవి రాసుకోవాలి. పేర్చే పని చేస్తున్న ముఠా కార్మికులతో మాట్లాడటం మరచిపోకూడదు. ఏ సైజు పెట్టె ఒరిగిపోతుందో, ఏ వరుసను అడ్డం తిప్పి వేయాలో వారికి తెలిసినంతగా ఏ డ్రాయింగూ చెప్పదు. పైగా రేపు ఆ యంత్రాన్ని నడపాల్సింది వారిలో ఒకరే అయితే, యంత్రం మీద మొదటి రోజు నుంచే పగ ఉండదు.

మన ఉదాహరణలో 500 గ్రాముల కారం ప్యాకెట్లు 20 ఒక పెట్టెలో ఉంటాయి. అట్టతో కలిపి బరువు 10.5 కిలోలు అనుకుందాం. పెట్టె పొడవు 400, వెడల్పు 300, ఎత్తు 250 మిల్లీమీటర్లు; నిమిషానికి 6 పెట్టెలు వస్తాయి. అంటే రోబోకు ఒక్కో పెట్టెకు దొరికే సమయం 10 సెకన్లు. ప్యాలెట్ కొలత 1200, 1000 మిల్లీమీటర్లు. పెట్టెలన్నీ ఒకే దిక్కున పెడితే వరుసకు, అంటే ఒక్కో అంతస్తుకు, 9 పడతాయి, ఒక పక్క 100 మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. ఒక బారులో 4 పెట్టెలను వెడల్పు వైపు పక్కపక్కన, మిగిలిన రెండు బారుల్లో మూడేసి పెట్టెలను పొడవు వైపు పెడితే 400, 300, 300 కలిసి సరిగ్గా 1000 అవుతాయి, వరుసకు 10 పెట్టెలు పడతాయి. పై వరుసలో ఈ బారుల క్రమాన్ని తిరగేసి వేస్తే ఇటుకల కట్టుబడిలాగా ఒకదానికొకటి పట్టు దొరుకుతుంది. గ్రిప్పరుకు తిరిగే అక్షం కావాల్సింది ఇందుకే. అయిదు వరుసలకు 50 పెట్టెలు, 525 కిలోలు. ఒక హెచ్చరిక: కొలత ఖాళీ పెట్టెది కాదు, నిండిన పెట్టెది తీసుకోవాలి. కారం నింపాక పక్కలు ఉబ్బుతాయి; పెట్టెకు 5 మిల్లీమీటర్లు ఉబ్బినా మూడు పెట్టెల బారు 15 మిల్లీమీటర్లు ప్యాలెట్ బయటికి వస్తుంది.

పది సెకన్ల లెక్క

ఇప్పుడు కదలికల సమయం లెక్కించాలి. కన్వేయరు నుంచి ప్యాలెట్ వరకు అడ్డదూలం జరగాల్సిన దూరం 1.8 మీటర్లు, గరిష్ఠ వేగం సెకనుకు 1.2 మీటర్లు, త్వరణం సెకను వర్గానికి 2 మీటర్లు అనుకుంటే వేగం అందుకోవడానికి 0.6 సెకను, ఆగడానికి 0.6 సెకను, మధ్యలో 0.9 సెకను కలిపి 2.1 సెకన్లు, రానూ పోనూ 4.2 సెకన్లు. పెట్టెను ఎత్తుకునే చోట నిలువు కదలిక 0.4 మీటరు, దించే చోట అడుగు వరుసకు ఒక మీటరు. నిలువు వేగం 0.8 మీటరు, త్వరణం ఇందాకటిలాగే 2 మీటర్లు అనుకుంటే అవి వరుసగా 0.9, 1.65 సెకన్లు పడతాయి. కిందికీ పైకీ కలిపి 5.1 సెకన్లు. పట్టుకోవడానికి, వదలడానికి 0.8 సెకను కలిపితే మొత్తం 10.1 సెకన్లు.

మనకున్నది 10 సెకన్లు. ఇక్కడ చాలామంది పెద్ద మోటారు వైపు పరుగెడతారు. ఆ అవసరం లేదు. పెట్టె అడుగు భాగం అడ్డంకి కంటే 50 మిల్లీమీటర్లు పైకి రాగానే, నిలువు కదలిక పూర్తికాకముందే అడ్డు కదలిక మొదలుపెడితే, అంటే మూలలను గుండ్రం చేస్తే, నాలుగు మూలల్లో కలిపి 1.4 సెకన్ల దాకా మిగిలి లెక్క 8.7 సెకన్లకు దిగుతుంది. ఇది అడుగు వరుస లెక్క కాబట్టి పై వరుసలకు ఇంకా తగ్గుతుంది. పైసా ఖర్చు లేకుండా ప్రోగ్రాములో దొరికే సమయం ఇది.

అయినా పని కాలేదు. ప్యాలెట్ నిండాక దాన్ని లాగి ఖాళీది పెట్టడానికి ఒకటిన్నర నిమిషం పడుతుందనుకోండి. 50 పెట్టెలకు 435 సెకన్లు, మార్పిడికి 90 సెకన్లు కలిపి 525 సెకన్లు. ఆ సమయంలో లైను 52 పెట్టెలను తోసేస్తుంది. ప్రతి ప్యాలెట్‌కు రెండేసి పెట్టెలు వెనకబడుతూ, మధ్యాహ్నానికి కన్వేయరు నిండిపోతుంది. ఒక ప్యాలెట్ నిండుతుండగా రెండోది మార్చుకునేలా రెండు స్థానాలు పెట్టడమే దీనికి మందు. గాంట్రీలో ఇది పట్టాలను కన్వేయరుకు రెండో పక్కకు కూడా పొడిగించడంతో తీరిపోతుంది. ఆరు కీళ్ల చేయి అయితే అందుబాటు దూరం పెంచడానికి రోబోనే మార్చాల్సి వచ్చేది.

మోటారు ఎంపిక

అన్నిటికంటే కష్టపడేది నిలువు అక్షం కాబట్టి దాని లెక్క చూద్దాం. పెట్టె 10.5, గ్రిప్పరు 5.5, నిలువు దూలం 14 కలిపి 30 కిలోలు పైకి లేవాలి. గురుత్వానికి 9.81, త్వరణానికి 2 కలిపి 30తో గుణిస్తే సుమారు 354 న్యూటన్ల బలం. 8 మిల్లీమీటర్ల పిచ్ ఉన్న పళ్ల బెల్టుకు 25 పళ్ల పుల్లీ వేస్తే ఒక్క చుట్టుకు 200 మిల్లీమీటర్ల కదలిక, వ్యాసార్ధం 31.8 మిల్లీమీటర్లు, టార్కు (తిప్పే బలం) 11.3 న్యూటన్ మీటర్లు. పదింటికి ఒకటి నిష్పత్తి ఉన్న ప్లానెటరీ గేర్‌బాక్సు పెట్టి, 90 శాతం సామర్థ్యం లెక్కిస్తే మోటారు దగ్గర కావాల్సింది 1.25 న్యూటన్ మీటర్లు. గరిష్ఠ వేగంలో మోటారు 2400 ఆర్‌పీఎం తిరుగుతుంది.

మార్కెట్లో దొరికే 400 వాట్ల సర్వో మోటారు (చెప్పిన స్థానానికే కచ్చితంగా తిరిగే మోటారు) రేటెడ్ టార్కు, అంటే ఆగకుండా ఇవ్వగల టార్కు, 1.27. కాగితం మీద సరిపోయినట్టే ఉంటుంది. తీసుకోకండి. మే నెలలో రేకుల షెడ్డు కింద అదే మోటారు పది గంటలు నడవాలి, పైగా బరువు కదలకుండా నిలిచి ఉన్నప్పుడు కూడా 0.94 న్యూటన్ మీటర్లు మోస్తూనే ఉండాలి. 750 వాట్ల మోటారుకు 2.39 ఉంటుంది. రోటరు జడత్వంతో పోలిస్తే మోయాల్సిన జడత్వం ఎన్ని రెట్లన్న నిష్పత్తి కూడా పెద్ద మోటారులో తగ్గి, ట్యూనింగు చేసేటప్పుడు వణుకు రాదు. అందుకే బ్రేకు ఉన్న 750 వాట్ల మోటారు తీసుకోవాలి. బ్రేకు లేకపోతే కరెంటు పోయిన క్షణాన 30 కిలోల బరువు జారి కిందపడుతుంది. బరువు దిగేటప్పుడు మోటారు జనరేటరులా మారి డ్రైవులోకి, అంటే తనకు విద్యుత్తు అందించి నడిపే పరికరంలోకి, విద్యుత్తును తోస్తుంది కనుక దాన్ని వేడిగా మార్చేసే బ్రేకింగ్ రెసిస్టరు కూడా పెట్టుకోవాలి. దీన్ని మరచిన యంత్రం ప్రతి పది నిమిషాలకు ఓవర్ వోల్టేజీ చూపిస్తూ ఆగుతుంది.

గేర్‌బాక్సు కొనేటప్పుడు వెనకాట, అంటే పళ్ల మధ్య వదులు (బ్యాక్‌లాష్), ఎంతో అడగాలి. ఒక ఆర్క్ నిమిషం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, ఒక మీటరు దూరంలో 0.29 మిల్లీమీటరు అవుతుంది. పొడవైన చేతిలో ఇది కీలు కీలుకూ పేరుకుంటుంది. అక్కడ ఖరీదైన గేర్‌బాక్సు తప్పదు. మన గాంట్రీలో పుల్లీ వ్యాసార్ధం 32 మిల్లీమీటర్లే కనుక 5 ఆర్క్ నిమిషాల ఆట ఉన్న చవక గేర్‌బాక్సు కూడా 0.05 మిల్లీమీటరుకు మించి తేడా తేదు. నేను గాంట్రీనే పట్టుకుని ఇంతగా చెప్పడానికి అసలు కారణం ఈ ఒక్క లెక్కే.

ఏది కొనాలి, ఏది చేయాలి

స్థానిక తయారీ అంటే ప్రతి మరా ఇక్కడే కోయడం కాదు. సర్వో మోటార్లు, డ్రైవులు, లీనియర్ గైడులు (బండి జారే కచ్చితమైన పట్టాలు), సేఫ్టీ రిలేలు (ప్రమాదంలో మోటార్లకు శక్తి తెంచేవి) కొనాలి. వీటిలో చాలావరకు జపాన్, తైవాన్, చైనా నుంచి వచ్చేవే. స్తంభాలు, దూలాలు, బండ్లు, పుల్లీలు, షాఫ్టులు, గ్రిప్పరు, ప్యానెల్ వైరింగు, ప్రోగ్రాము ఇక్కడ చేయాలి. ప్రభుత్వ కొనుగోళ్లలో స్వదేశీ తయారీకి ప్రాధాన్యమిచ్చే 2017 నాటి ఉత్తర్వు, దానికి 2020లో చేసిన సవరణ ప్రకారం, విలువలో కనీసం 50 శాతం స్థానికమైతే మొదటి తరగతి స్థానిక సరఫరాదారుగా, 20 నుంచి 50 శాతం మధ్య ఉంటే రెండో తరగతిగా గుర్తిస్తారు. మీరు ప్రైవేటు మిల్లుకే అమ్మినా ఈ కొలబద్ద పెట్టుకుని సామాను పట్టీలో ప్రతి వస్తువు పక్కన ఎక్కడిదో, బదులు ఏది పనికొస్తుందో, పాడైతే ఎన్ని రోజుల్లో వస్తుందో రాయండి. నా దృష్టిలో ఈ మూడో వివరమే ముఖ్యం. మిర్చి సీజనులో శనివారం రాత్రి ఆగిన యంత్రం ఆదివారం ఉదయానికి నడవగలిగితే, దాన్ని మనదని చెప్పుకోవచ్చు. మోటారు మౌంటింగు ప్లేటును రెండు కంపెనీల మోటార్లకూ సరిపోయే రంధ్రాలతో చేయించడం ఇలాంటి ముందుచూపే.

ఫ్రేము: అసలు పరీక్ష ఇక్కడే

అడ్డదూలానికి 100 మిల్లీమీటర్ల చదరపు గొట్టం, 5 మిల్లీమీటర్ల మందం ఉన్నది తీసుకుందాం. దూలం పొడవు 2 మీటర్లు, దాని మీద బండి, మోటార్లు, నిలువు దూలం, పెట్టె కలిపి 60 కిలోలు నడుమన నిలిస్తే వంపు 0.18 మిల్లీమీటరు. అదే దూలాన్ని 3 మీటర్లకు పెంచితే వంపు 0.6 మిల్లీమీటరుకు చేరుతుంది. పొడవు ఒకటిన్నర రెట్లయితే వంపు మూడు రెట్లు దాటుతుంది. కాబట్టి యంత్రాన్ని పొడిగించాలంటే పట్టాల దిక్కున పొడిగించాలి, అడ్డదూలం దిక్కున కాదు.

అసలు ఇబ్బంది వంపుతో కాదు, వెల్డింగుతో వస్తుంది. మన దగ్గర వెల్డింగు నైపుణ్యానికి లోటు లేదు, కానీ బస్సు బాడీలో రెండు మిల్లీమీటర్ల తేడాను రేకు కప్పేస్తుంది. లీనియర్ గైడు బిగించే తలంలో 0.05 మిల్లీమీటరు తేడా కూడా బండిని బిగదీస్తుంది. వెల్డింగు వేడికి లోహంలో ఒత్తిళ్లు మిగిలిపోయి, నెమ్మదిగా వారాల తరబడి విడుదలవుతూ దూలాన్ని వంచుతాయి. నేను పాల్గొన్న మొదటి యంత్రంలో తొందరపడి స్ట్రెస్ రిలీవింగు (వేడి చేసి ఆ ఒత్తిళ్లను పోగొట్టడం) చేయించకుండానే గైడులు బిగించాం. బిగించిన రోజు వేలితో తోస్తే జారిన బండి, మూడో వారానికి ఒక చోట ఆగి డ్రైవు ఓవర్‌లోడు చూపించింది. దూలాన్ని విప్పి, ఫర్నేసుకు పంపి, మళ్లీ మర పట్టించేసరికి నెల రోజులు పోయాయి. ఆదా అనుకున్న డబ్బు రవాణాకే చాలలేదు.

సరైన వరుస ఇది. ముందు గొట్టం మీద గైడు వచ్చే చోట 12 మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టీని విడివిడి కుట్లుగా, ఒక చివర నుంచి ఇంకో చివరకు కాకుండా నడుమ నుంచి రెండు వైపులకూ మార్చి మార్చి వెల్డు చేయించాలి. బ్రాకెట్లు, చెవులు, కేబుల్ ట్రే పట్టే ముక్కలు అన్నీ ఆ దశలోనే అతికించేయాలి. తరవాత ఇంకొక్క చుక్క వెల్డింగు కూడా పడకూడదు. ఆ తరవాత ఫర్నేసులో సుమారు 600 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 25 మిల్లీమీటర్ల మందానికి గంట చొప్పున ఉంచి, ఫర్నేసులోనే మెల్లగా చల్లారనివ్వాలి. అప్పుడు పట్టీల పై తలాన్ని మాత్రం ఒకే బిగింపులో, మధ్యలో విప్పకుండా, మిల్లింగు చేయించాలి. మొత్తం దూలాన్ని చెక్కించనక్కర లేదు, పట్టీ చాలు. ఖర్చు మూడో వంతుకు దిగుతుంది.

గైడుల జతలో ఒకటి ఆధారం, రెండోది దాని అనుచరుడు. మొదటిదాన్ని మిల్లింగులో వదిలిన అంచుకు ఆనించి పూర్తిగా బిగించాలి. రెండోదాన్ని వదులుగా ఉంచి, బండిని ఆ చివరి నుంచి ఈ చివరికి తోస్తూ, బండి నిలిచిన చోటి బోల్టునే బిగిస్తూ పోవాలి. రెండింటినీ టేపుతో కొలిచి బిగించినవాడు, ఎంత అనుభవం ఉన్నవాడైనా, ఒకటికి రెండుసార్లు విప్పుతాడు.

మిల్లులో స్తంభాలు నిలబెట్టేటప్పుడు నేల సమంగా ఉంటుందని అనుకోకూడదు. కడగడానికి వీలుగా నేలకు వాటం ఇచ్చి ఉంటారు. మేస్త్రీలు వాడే నీటి ట్యూబుతో నాలుగు స్తంభాల తలలను ముందు ఒక మిల్లీమీటరు లోపుకు తెచ్చి, ఆ తరవాత అడుగున లెవెలింగు బోల్టులతో స్పిరిట్ లెవెలు చూసి సరిచేయాలి. మూలమట్టానికి రెండు కర్ణాలూ కొలిచి సమానం చేయాలి. చివరికి స్తంభాలకు ఏటవాలు బ్రేసులు వేయాలి. అవి లేకపోతే దూలం ఆగిన ప్రతిసారీ ఫ్రేము ఊగి, పెట్టె దించే ముందు అర సెకను ఊగుడు ఆగడానికి కాచుకోవాలి, మనం మూలల్లో మిగిల్చుకున్న సమయమంతా అక్కడే పోతుంది.

కారం, ఎండ, కరెంటు

కారం పొడిలో నూనె ఉంటుంది. అది గైడు మీది గ్రీజుతో కలిసి ముద్దగా మారి బాల్స్ మధ్యకు చేరుతుంది. అందువల్ల గైడులను దూలం పైన కాక పక్కన బిగించి, పైన రేకు గొడుగు, వీలైతే బెల్లోస్ తొడుగు వేయాలి. బాల్ స్క్రూల కంటే పళ్ల బెల్టులు మేలు. దుమ్మును ఓర్చుకుంటాయి, పొడవు పెరిగినా ఖర్చు పెద్దగా పెరగదు. శుభ్రం చేయడానికి కంప్రెసరు గాలి ఊదే అలవాటును మొదటి రోజే మాన్పించాలి. ఊదిన పొడి గైడులోకి పోతుంది, గాలిలో మేఘంలా లేచిన సన్నని పొడి నిప్పురవ్వ తగిలితే అంటుకునే ప్రమాదమూ ఉంది. వ్యాక్యూమ్ క్లీనరే వాడాలి.

చాలా డ్రైవులు పరిసర ఉష్ణోగ్రత ఒక హద్దు దాటితే పూర్తి సామర్థ్యం ఇవ్వవు. ఆ హద్దు ఎంతో కేటలాగులో ఉంటుంది, అందులో చెప్పేది ప్యానెల్ లోపలి వేడి గురించి. బయట 45 డిగ్రీలు ఉన్న రోజున మూసిన ప్యానెల్ లోపల ఎంతుంటుందో ఊహించుకోవచ్చు. ఫ్యాను, జల్లెడ పెడితే వారంలో కారంతో మూసుకుపోతాయి కాబట్టి దుమ్ము చొరని ప్యానెల్, దానికి చిన్న ప్యానెల్ ఏసీ పెట్టడమే మార్గం. మన మూడు ఫేజుల సరఫరా 415 వోల్టులు. చిన్న సర్వో డ్రైవులు ఎక్కువగా 200 నుంచి 240 వోల్టులవి. నేరుగా కలిపితే కాలిపోతాయి కనుక స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి. మోటారు కేబుళ్లను, మోటారు స్థానాన్ని చెప్పే ఎన్‌కోడరు కేబుళ్లను ఒకే గొట్టంలో వేయకూడదు. ఎర్తింగు విడిగా వేయించి కొలిపించాలి.

గ్రిప్పరు

పెట్టెను పైనుంచి వాక్యూమ్ కప్పులతో లాగి పట్టుకోవడం తేలిక. పెట్టె 10.5 కిలోలు, త్వరణంతో కలిపి 124 న్యూటన్లు. రెండింతల భద్రత తీసుకుంటే 248. అర బార్ (బార్ అంటే పీడనం కొలత) వాక్యూమ్ దగ్గర దీనికి 50 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం చాలు. 50 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న నాలుగు కప్పులకు 78 ఉంటుంది. లెక్క బాగుంది, కానీ కారం మిల్లులో నేను దీన్ని ఒంటరిగా నమ్మను. పెట్టె పై మూత టేపు ఊడితే మూత కప్పులకు వస్తుంది, పెట్టె కిందికి పోతుంది. అట్టలోంచి గాలి కారుతుంది, వాక్యూమ్ పుట్టించే ఎజెక్టరు పొడి పీల్చి మూసుకుపోతుంది. కాబట్టి కప్పులతో ఎత్తాక, చిన్న న్యూమాటిక్ సిలిండరుతో అడుగున ఒక నాలుక వచ్చి పెట్టెను ఆనుకునేలా చేయాలి. వాక్యూమ్ స్విచ్ సంకేతం లేకుండా అడ్డు కదలిక మొదలవకూడదు.

నడిపే మెదడు

గాంట్రీలో అక్షాలు ఒకదానికొకటి లంబంగా ఉంటాయి కనుక చేతి రోబోలకు కావాల్సిన కీళ్ల కోణాల గణితం ఇక్కడ అక్కర లేదు. మోటార్ల కదలికను నడిపే సౌకర్యం ఉన్న పీఎల్‌సీ (కర్మాగార యంత్రాలను నడిపే చిన్న కంప్యూటరు) ఒకటి, ఈథర్‌క్యాట్ అనే వేగమైన నెట్‌వర్కు ద్వారా నాలుగు డ్రైవులు ఉంటే చాలు. ఇంజినీరింగు కళాశాలల నుంచి వచ్చే కుర్రవాళ్లు రాస్ అనే రోబో సాఫ్ట్‌వేరు వాడదామంటారు. పరిశోధనకు అది మంచిదే, ఈ పనికి మాత్రం అనవసరపు బరువు. ఖర్చు బాగా తగ్గించాలంటే యంత్రాలను నడిపే లైనక్స్‌సీఎన్‌సీ లాంటి ఓపెన్ సోర్సు (ఉచితంగా దొరికే) సాఫ్ట్‌వేరు దారి ఉంది. కాలనిర్ణయం తప్పకుండా పని చేయించే రియల్ టైమ్ సౌకర్యం 2024లో విడుదలైన 6.12 వెర్షను నుంచి లైనక్స్ ప్రధాన కెర్నెల్‌లోనే చేరింది. అయితే మిల్లులో ఎలక్ట్రీషియనుకు పరిచయమైనది పీఎల్‌సీయే కనుక మొదటి యంత్రానికి నా ఓటు దానికే.

ప్రోగ్రామును స్థితుల వరుసగా రాయండి: పెట్టె కోసం ఎదురుచూడటం, దిగడం, పట్టడం, లేవడం, జరగడం, దించడం, వదలడం. ప్రతి స్థితికి గరిష్ఠ సమయం పెట్టి, అది దాటితే ఆగి ఎందుకు ఆగిందో చెప్పాలి. పెట్టెల స్థానాలను ఒక్కొక్కటిగా నేర్పించే బదులు, పెట్టె కొలతల పట్టిక నుంచి లెక్కించేలా చేస్తే రేపు 200 గ్రాముల ప్యాకెట్ల పెట్టె వచ్చినా కొత్త కొలతలు కొట్టుకుంటే సరిపోతుంది. తెర మీది మాటలు తెలుగులో ఉండాలి. లోపం నంబరు బదులు ‘గ్రిప్పరులో వాక్యూమ్ తగ్గింది, కప్పులు తుడవండి’ అని కనబడితే అర్ధరాత్రి మీకు ఫోను రాదు.

మోటారు స్థానాన్ని గుర్తుంచుకునే ఎన్‌కోడర్లలో చాలావాటికి చిన్న బ్యాటరీ ఉంటుంది. దాన్ని కరెంటు ఉండగానే మార్చాలి. కరెంటు తీసి మారిస్తే యంత్రం తానెక్కడున్నదీ మరచిపోతుంది, అన్ని అక్షాలూ మళ్లీ మొదటి నుంచి సరిచేసుకోవాలి. ఈ మాటను ప్యానెల్ తలుపు లోపల పెద్ద అక్షరాలతో అంటించండి.

మనిషికీ యంత్రానికీ మధ్య కంచె

కదిలే యంత్ర భాగాలకు కంచె ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షనులోనే రాశారు. రోబోలకు ప్రత్యేకంగా ఐఎస్‌ఓ 10218 ప్రమాణం ఉంది. 2025లో దాన్ని సవరించారు. యంత్రం గీసేటప్పుడే దాన్ని పక్కన పెట్టుకోవాలి. చుట్టూ మనిషి ఎత్తు దాటిన జాలీ కంచె, తలుపు తీయగానే మోటార్లకు శక్తి తెగిపోయే ఇంటర్‌లాక్, చేతికి అందే చోట్ల ఎమర్జెన్సీ బటన్లు ఉండాలి. ఇవి పీఎల్‌సీ ప్రోగ్రాము మీద ఆధారపడకూడదు. సేఫ్టీ రిలే ద్వారా డ్రైవులోని ఎస్‌టీఓ అనే టార్కు కత్తిరింపు చివరలకు నేరుగా వెళ్లాలి. తలుపు తీసి చేత్తో కదిలించే సమయంలో వేగం సెకనుకు 250 మిల్లీమీటర్లు దాటకూడదు, చేతి పెట్టెలో మూడు స్థానాల స్విచ్ ఉండాలి. భయంతో గట్టిగా నొక్కినా, వదిలేసినా యంత్రం ఆగాలి.

ప్యాలెట్ బయటికి వచ్చే చోట కంచె ఉండదు కనుక లైట్ కర్టెన్, అంటే ఎవరైనా దాటితే యంత్రాన్ని ఆపే కిరణాల తెర, పెడతారు. దాన్ని ఎంత దూరంలో పెట్టాలన్నది ఊహతో తేల్చకండి. మనిషి నడక వేగం సెకనుకు 1.6 మీటర్లుగా తీసుకోవాలి. కిరణం తెగిన క్షణం నుంచి దూలం పూర్తిగా ఆగడానికి అర సెకను పడితే 800 మిల్లీమీటర్లు. కిరణాలకు దొరక్కముందే చేయి ఎంత లోపలికి పోగలదన్నది కూడా కలపాలి. 30 మిల్లీమీటర్ల రిజల్యూషను ఉన్న, అంటే అంత మందం వస్తువును గుర్తించగల, కర్టెన్‌కు అది 128. మొత్తం 928 మిల్లీమీటర్లు. ఆగే సమయాన్ని నిండు బరువుతో, గరిష్ఠ వేగంలో కొలవాలి, కేటలాగు చూసి రాయకూడదు. మరమ్మతుకు నిలువు దూలం కింద చేయి పెట్టేవారి కోసం, మోటారు బ్రేకుతో సంబంధం లేకుండా దూలాన్ని పట్టి ఉంచే ఇనుప పిన్ను ఒకటి గొలుసుతో యంత్రానికే వేలాడదీయాలి. బెల్టు తెగితే మోటారు బ్రేకు దేన్నీ ఆపలేదు.

పరీక్ష, అప్పగింత

తిరిగి తిరిగి అదే చోటికి ఎంత కచ్చితంగా వస్తుందో చూడటానికి ఐఎస్‌ఓ 9283 చెప్పే పద్ధతి సులభమైనదే. నిండు బరువుతో, పూర్తి వేగంతో ఒకే స్థానానికి 30 సార్లు పంపాలి. ఇనుప దిమ్మకు మూడు డయల్ గేజీలు మూడు దిక్కుల్లో బిగించి, ప్రతిసారీ రాసుకుని, సగటు స్థానం నుంచి ఒక్కోసారి ఎంత దూరం పోయిందో లెక్కించాలి. ఆ దూరాల సగటుకు వాటి ప్రామాణిక విచలనాన్ని మూడు రెట్లు చేసి కలిపితే వచ్చేదే ఆ యంత్రపు పునరావృత కచ్చితత్వం. సగటు 0.12, విచలనం 0.05 అయితే 0.27 మిల్లీమీటరు. అట్టపెట్టె కొలతే నాలుగైదు మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉంటుంది కనుక ఈ పనికి అర మిల్లీమీటరు వచ్చినా ధారాళంగా చాలు. ఇంకా తగ్గించాలని నెలలు ఖర్చు చేయడం వృథా.

మీ షెడ్డులోనే ఇసుక నింపిన పెట్టెలతో మూడు రోజులు ఆపకుండా నడపండి. ప్రతి రెండు గంటలకు మోటార్ల వేడి, డ్రైవు చూపే లోడు శాతం, బెల్టు బిగువు, బోల్టుల మీద గీసిన పెయింటు గీతలు కదిలాయో లేదో చూసి రాయండి. కావాలని కరెంటు తీయండి, గాలి గొట్టం ఊడదీయండి, పెట్టెను వంకరగా పెట్టండి. మిల్లులో జరగబోయేవన్నీ ముందు మీ కళ్ల ముందే జరగాలి.

అప్పగించేటప్పుడు డ్రాయింగులు, వైరింగు పటం, ప్రోగ్రాము, డ్రైవు పారామీటర్ల నకలు ఒక పెన్ డ్రైవులో, అదే సమాచారం కాగితం మీద కూడా ఇవ్వాలి. ప్రోగ్రాముకు తాళం వేసి పెట్టుకునే అలవాటు కొందరిలో ఉంది. ఆ తాళం తెరవలేకే కదా మిల్లువాళ్లు విదేశీ యంత్రాల మీద విసిగిపోయింది. దానితో పాటు ఒక పెట్టెలో రెండు బెల్టులు, ఎనిమిది వాక్యూమ్ కప్పులు, ఒక వాక్యూమ్ స్విచ్, రెండు సెన్సార్లు, ఎన్‌కోడరు బ్యాటరీలు, ఫ్యూజులు పెట్టి ప్యానెల్ పక్కనే ఉంచండి. నడపబోయే మనిషి మొదటి వారం పొడుగునా మీ పక్కన నిలబడాలి. రెండో వారం అతను నడుపుతుంటే మీరు చేతులు కట్టుకుని పక్కన నిలబడాలి.